వర్క్‌షాప్, బ్రెయిన్‌స్టార్మింగ్ సెషన్ నడపడం: తరచుగా అడిగే ప్రశ్నలు

పదిమందిని ఒక గదిలో కూర్చోబెట్టి "ఐడియాలు చెప్పండి" అంటే ఏమవుతుందో చాలామందికి అనుభవమే. ఇద్దరు మాట్లాడతారు, నలుగురు తల ఊపుతారు, మిగతావాళ్ళు గడియారం వైపు చూస్తూ కూర్చుంటారు. బయటికి వచ్చాక "మా టీమ్‌లో ఎవరికీ ఐడియాలు రావండీ" అని నాతో చాలామంది అన్నారు. ఐడియాలు అందరికీ వస్తాయి. అడిగే పద్ధతి వల్ల అవి బయటికి రాకుండా ఉండిపోతాయి. సెషన్లు నడపడం నేర్చుకుంటున్నవాళ్ళు నన్ను మళ్ళీ మళ్ళీ అడిగిన ప్రశ్నలకి జవాబులు ఇక్కడ రాస్తున్నాను. అన్నిటి వెనకా నేను గట్టిగా నమ్మే మాట ఒకటే: ముందు అందరినీ రాయనివ్వండి, ఆ తర్వాతే మాట్లాడనివ్వండి.

ఫెసిలిటేటర్, అంటే సెషన్ నడిపే మనిషి, చేసే పనేంటి? టీచర్ లాంటివాళ్ళా, సభాధ్యక్షుల్లాంటివాళ్ళా?

రెండూ కాదు. టీచర్‌కి జవాబు ముందే తెలుసు. అధ్యక్షులకి తీర్పు చెప్పే అధికారం ఉంటుంది. ఫెసిలిటేటర్‌కి ఈ రెండూ ఉండవు. విషయం గదిలో ఉన్నవాళ్ళది. ఆ విషయం మీద వాళ్ళంతా కలిసి ఆలోచించగలిగేలా చూడటం మన పని. ఎప్పుడు రాయాలి, ఎప్పుడు మాట్లాడాలి, ఎక్కడ ఆపాలి, చెప్పిన మాట బోర్డు మీదికి ఎక్కిందా లేదా, ఇవన్నీ మనం చూసుకోవాలి.

బోర్డు మీదికి ఎక్కడం గురించి ఒక జాగ్రత్త చెప్పాలి. ఎవరైనా "బిల్లు చూసి జనం బెదిరిపోతున్నారు" అంటే, మీరు "ధరల సమస్య" అని రాశారనుకోండి. అక్కడే మాట మారిపోయింది. బెదిరింది ధర ఎక్కువని కాకపోవచ్చు, బిల్లులో ఏముందో అర్థం కాక కావచ్చు. చెప్పినవాళ్ళ మాటనే రాయండి. మరీ పొడుగైతే "దీన్ని ఎలా రాయమంటారు?" అని వాళ్ళనే అడగండి.

ఆ విషయం మీద మీకూ ఒక అభిప్రాయం ఉంటే దాచుకోవాల్సిన పనిలేదు. మార్కర్ పక్కవాళ్ళ చేతికిచ్చి, "ఇప్పుడు టీమ్ మనిషిగా ఒక మాట చెప్తాను" అని చెప్పి కూర్చోండి. మార్కర్ పట్టుకుని నిలబడ్డవాళ్ళ మాటకి తెలియకుండానే బరువు పెరుగుతుంది.

ప్రతిదానికీ వర్క్‌షాప్ పెట్టాలా?

అక్కర్లేదు. ఒకరికి తెలిసిన సంగతి మిగతావాళ్ళకి చెప్పడమే పనైతే ఒక మెయిల్ చాలు. జవాబు ఎవరి దగ్గరా పూర్తిగా లేనప్పుడు, తలా ఒక ముక్క తెలిసినప్పుడు వర్క్‌షాప్ పెట్టండి.

నిర్ణయం ముందే అయిపోయి, "అందరినీ అడిగాం" అనిపించుకోవడానికి మాత్రం దయచేసి పెట్టకండి. జనం దాన్ని ఇట్టే పసిగడతారు. ఒకసారి అలా జరిగితే, తర్వాత మీరు నిజంగా అడిగినా ఎవరూ నోరు విప్పరు. నిర్ణయం అయిపోయి ఉంటే ఆ మాటే చెప్పి, "దీన్ని అమలు చేయడంలో వచ్చే ఇబ్బందులేంటి?" అని అడగండి. అది నిజాయితీ ఉన్న ప్రశ్న, దానికి మంచి జవాబులు వస్తాయి.

బోర్డు మీద రాసే ప్రశ్న ఎలా ఉండాలి?

నా సన్నాహంలో సగం సమయం దీనికే పోతుంది. సెషన్ చప్పగా సాగిందంటే నేను మొదట అనుమానించేది ప్రశ్ననే.

"మన సేవలు ఎలా మెరుగుపరచాలి?" అని అడిగితే ఎవరికైనా ఏం తోస్తుంది? "నాణ్యత పెంచాలి", "అందరూ బాధ్యతగా ఉండాలి" లాంటి ఊకదంపుడు మాటలు వస్తాయి. అదే ప్రశ్నని "మొదటిసారి వచ్చినవాళ్ళు రెండోసారి రాకపోవడానికి మొదటి పది నిమిషాల్లో ఏం జరుగుతోంది?" అని అడిగి చూడండి. ఇప్పుడు కళ్ళముందు ఒక మనిషి, ఒక తలుపు, ఒక క్యూ కనిపిస్తాయి. బుర్ర పట్టుకోవడానికి ఏదో ఒకటి దొరుకుతుంది.

ప్రశ్న మరీ ఇరుకుగా ఉన్నా కష్టమే. "ఫారం నీలంరంగులో పెడదామా, ఆకుపచ్చలో పెడదామా?" అంటే ఆలోచించడానికేం మిగల్లేదు. ప్రశ్నలోనే జవాబు దాక్కుని ఉండకూడదు కూడా. "కొత్త యాప్‌ని జనానికి ఎలా అలవాటు చేయాలి?" అని అడిగితే యాప్ కావాలా వద్దా అన్నది ఎవరూ అడగలేరు.

నేను ప్రశ్న రాసుకున్నాక, సెషన్‌కి రాని ఇద్దరికి చూపించి "రెండు నిమిషాల్లో తోచినన్ని జవాబులు రాయండి" అంటాను. ఇద్దరూ చెరి మూడు కూడా రాయలేకపోతే, లేదా ఇద్దరూ ఒకేలా రాస్తే, ప్రశ్న మారుస్తాను.

ఎంతమందిని పిలవాలి?

అయిదు నుంచి ఎనిమిది మంది అయితే హాయిగా సాగుతుంది. పన్నెండు దాటితే నలుగురేసి చొప్పున చిన్న బల్లలుగా విడగొట్టండి. సంఖ్యకన్నా ఎవరెవరన్నది ముఖ్యం. ఆ పని రోజూ చేతులతో చేసేవాళ్ళు కనీసం ఇద్దరు ఉండాలి. నిర్ణయం తీసుకోగలిగినవాళ్ళు ఒకరు ఉండాలి, లేదా చివర్లో వచ్చి వినాలి. ఆ విషయంతో సంబంధం లేని మనిషి ఒకరు ఉంటే మరీ మంచిది. అందరూ మామూలనుకునేదాన్ని "అదెందుకలా?" అని అడిగేది వాళ్ళే.

తెలివైనవాళ్ళనే ఏరి పిలవాలన్న ఆరాటం వద్దు. 2010లో అనీటా వూలీ, ఆమె సహ పరిశోధకులు 699 మందిని చిన్న చిన్న బృందాలుగా చేసి రకరకాల పనులిచ్చి చూశారు. సభ్యుల సగటు తెలివితేటలకీ, బృందం పనితనానికీ పెద్దగా సంబంధం కనిపించలేదు. మాట్లాడే అవకాశం అందరికీ సమానంగా దక్కిన బృందాలు, ఎదుటివాళ్ళ మనసు కనిపెట్టగలిగే సభ్యులున్న బృందాలు బాగా చేశాయి.

గుంపుగా బ్రెయిన్‌స్టార్మింగ్ చేస్తే ఐడియాలు తగ్గుతాయని పరిశోధనలు చెప్తున్నాయంటారు. నిజమేనా?

మామూలుగా మనం చేసే పద్ధతిలో చేస్తే నిజమే.

ఈ పద్ధతిని ప్రచారంలోకి తెచ్చినవాడు అలెక్స్ ఆస్‌బర్న్, అమెరికాలో ప్రకటనల రంగంలో పేరున్న మనిషి. 1940లలో మొదలుపెట్టి 1953 నాటి పుస్తకంలో దీన్ని విడమరిచి చెప్పాడు. ఆయన నియమాలు నాలుగు: విమర్శ ఆపి ఉంచాలి, వింత ఐడియాలనీ రానివ్వాలి, ఎన్ని వస్తే అంత మంచిది, ఒకరి ఐడియాకి మరొకరు మెరుగులు దిద్దాలి. గుంపుగా కూర్చుంటే ఐడియాలు పోటెత్తుతాయని ఆయన నమ్మాడు.

1958లో యేల్ యూనివర్సిటీలో టేలర్, బెర్రీ, బ్లాక్ అనే పరిశోధకులు దాన్ని పరీక్షకు పెట్టారు. నలుగురేసి విద్యార్థులు కలిసి కూర్చుని చెప్పిన ఐడియాలు ఒకవైపు. నలుగురు విడివిడిగా కూర్చుని రాసినవాటిని కలిపి, ఒకేలా ఉన్నవాటిని తీసేయగా మిగిలినవి మరోవైపు. విడిగా కూర్చున్నవాళ్ళవే దాదాపు రెట్టింపు వచ్చాయి.

ఎందుకలా? 1987లో మైకేల్ డీల్, వుల్ఫ్‌గాంగ్ స్ట్రోబ చేసిన ప్రయోగాల్లో పెద్ద కారణం దొరికింది: వంతు కోసం ఆగడం. ఒకరు మాట్లాడుతుంటే మిగతా అందరూ ఆగాలి. ఆ కాసేపట్లో తట్టిన ఐడియా జారిపోతుంది. జారకుండా పట్టుకోవడానికే మనసంతా సరిపోతే కొత్తది పుట్టదు. "అబ్బే, ఇదేమంత గొప్పది" అని మనలో మనమే కొట్టేసుకోవడమూ ఆ ఆగినప్పుడే జరుగుతుంది. దీనికితోడు పక్కవాళ్ళు ఏమనుకుంటారోనన్న మొహమాటం. ఇంతమంది ఉన్నారు కదా, ఎవరో ఒకరు చెప్తారులే అన్న నిర్లిప్తత.

గుంపు పనికిరాదని దీన్నిబట్టి అనుకోకండి. ఐడియాలు పుట్టే ఘడియలో మనిషికి ఏకాంతం కావాలి. పుట్టినవాటిని కలపడానికి, సానబెట్టడానికి, ఎంచడానికి నలుగురు కావాలి. ఈ రెండు పనులనీ కలగాపులగం చేయకుండా ఉంటే చాలు.

అయితే ఎలా చేయాలి? ఒక పద్ధతి చెప్పండి.

అన్నిటికన్నా తేలికైనది ఇది. ప్రశ్న బోర్డు మీద పెట్టండి. ఎనిమిది నిమిషాలు ఎవరూ మాట్లాడకుండా, ఒక్కో చీటీకి ఒక్కో ఐడియా చొప్పున రాయమనండి. మూడో నిమిషం, నాలుగో నిమిషం దగ్గర పెన్నులు ఆగిపోతాయి. మొదటి విడత అయిపోయిందన్నమాట. ఇక్కడే కొత్తగా నడిపేవాళ్ళు కంగారుపడి "అయిందా? మాట్లాడుకుందామా?" అనేస్తారు. అనకండి. తేలిగ్గా తోచేవి అప్పటికి అయిపోయాయి, ఆ తర్వాత వచ్చేవాటిలోనే కొత్తదనం ఉంటుంది. టైమర్ మోగేదాకా మీరు కిటికీ వైపు చూస్తూ నిలబడండి.

తర్వాత ఒక్కొక్కరూ ఒక్కో చీటీ చదివి గోడకి అంటించాలి. ఒక చుట్టు అయ్యాక రెండో చుట్టు. ఒకరే తమ చీటీలన్నీ చదివేస్తే, చివరివాళ్ళ వంతు వచ్చేసరికి గది అలిసిపోతుంది.

ఇంకొంచెం లోతుగా కావాలంటే 6-3-5 పద్ధతి ఉంది. 1968లో జర్మనీలో బెర్న్‌డ్ రోర్‌బాఖ్ దీన్ని రూపొందించాడు. ఆరుగురు, తలా ఒక కాగితం. అయిదు నిమిషాల్లో మూడు ఐడియాలు రాసి కాగితం పక్కవాళ్ళకి ఇవ్వాలి. పక్కవాళ్ళు అవి చదివి, వాటికి ఏదైనా జోడించో, వాటినుంచి తట్టిన కొత్తదో, ఇంకో మూడు రాస్తారు. ఆరు చుట్లు తిరిగేసరికి 30 నిమిషాల్లో 108 ఐడియాలు. అన్నీ మంచివి కావు. కానీ మూడో చుట్టులో ఒకరి సగం ఐడియాని ఇంకొకరు పూర్తిచేయడం కాగితం మీద కళ్ళకి కనిపిస్తుంది. ఆ కాగితాలు చదవడం నాకెంతో ఇష్టం.

పై అధికారి గదిలో ఉంటే ఎలా?

దీని గురించి నాకు జరిగిందే చెప్తాను. ఒక సంస్థలో కస్టమర్ల ఫిర్యాదులు ఎందుకు పెరుగుతున్నాయో తేల్చే సెషన్ నడిపాను. మొదట్లో రెండు మాటలు మాట్లాడమని వాళ్ళ డైరెక్టర్‌ని నేనే అడిగాను. ఆయన మంచి మనసుతోనే "నా ఉద్దేశంలో ఇదంతా ట్రైనింగ్ లోపం. మీరేమంటారో చూద్దాం" అన్నారు. ఆ తర్వాత గోడమీదికి వచ్చిన 40 చీటీల్లో సగానికి పైగా ట్రైనింగ్ గురించే.

విరామంలో బల్లలు సర్దుతుంటే ఒక నోట్‌బుక్ కింద నాలుగు మడతలు పెట్టిన పసుపు చీటీ బయటికి జారింది. "మొదటి పేజీలో ఫోన్ నంబర్ అడుగుతున్నాం, మూడో పేజీలో మళ్ళీ అడుగుతున్నాం. రెండూ వేరువేరుగా ఉంటే ఫారం తిరిగొచ్చేస్తోంది" అని సన్నటి అక్షరాలతో ఉంది. రాసినావిడ ఫోన్లు ఎత్తే డెస్కులో పనిచేస్తారు. ఇదెందుకు అంటించలేదని మెల్లగా అడిగితే, "సార్ ట్రైనింగ్ అన్నారు కదండీ. ఇది చిన్న విషయం లెండి" అన్నారు. ఆమె ఒప్పుకున్నాక ఆ చీటీ గోడకెక్కింది. మిగతా సెషన్ అంతా దాని చుట్టూనే నడిచింది. ఆ చీటీ బయటికి జారకపోయి ఉంటే ఏమయ్యేదోనని ఇప్పటికీ అనిపిస్తుంది.

అప్పటినుంచి పెద్దవాళ్ళతో ముందురోజే మాట్లాడుకుంటున్నాను. "మీరు మొదట ప్రశ్న ఎందుకు ముఖ్యమో చెప్పండి, జవాబు మాత్రం చెప్పకండి. చీటీలు అందరితోపాటు రాయండి, చదవడం చివర్లో చదవండి" అంటాను. కారణం చెప్తే దాదాపు అందరూ సంతోషంగా ఒప్పుకుంటారు. 1951లో సాలమన్ ఆష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చేసిన గీతల ప్రయోగం గురించి కూడా చెప్తాను. మూడు గీతల్లో ఏది పక్కన చూపించిన గీతకి సమానమో కళ్ళకి స్పష్టంగా కనిపిస్తున్నా, గదిలో మిగతావాళ్ళంతా తప్పు జవాబు చెప్తే నలుగురిలో ముగ్గురు కనీసం ఒక్కసారైనా వాళ్ళతో గొంతు కలిపారు. అక్కడున్నవాళ్ళెవరూ వాళ్ళకి అధికారులు కూడా కారు. అదే ప్రయోగంలో ఒక్కరు సరైన జవాబు చెప్పినా, అలా లొంగిపోవడం బాగా తగ్గిపోయింది. ఒక్క తోడు దొరికితే చాలన్నమాట.

ప్రశ్న అడిగాక ఎవరూ మాట్లాడకపోతే?

లోపల పది అంకెలు లెక్కపెట్టండి. 1970లలో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు తరగతి గదుల్లో గమనించింది: టీచర్లు ప్రశ్న అడిగాక సగటున సెకను సేపే ఆగుతున్నారు. మూడు సెకన్లు ఆగితే చాలు, పిల్లల జవాబులు పొడుగయ్యాయి, ఎప్పుడూ మాట్లాడనివాళ్ళూ మాట్లాడారు. పెద్దలూ అంతే. నడిపేవాళ్ళకి పది సెకన్ల నిశ్శబ్దం ఒక యుగంలా అనిపిస్తుంది. ఆలోచించేవాళ్ళకి అది చాలా చిన్నది.

అప్పటికీ పలుకు లేకపోతే "పక్కవాళ్ళతో రెండు నిమిషాలు మాట్లాడుకోండి" అనండి. ఇద్దరి మధ్య నీళ్ళు నమిలేవాళ్ళు తక్కువ. తర్వాత "మీ ఇద్దరి మధ్య ఏం వచ్చింది?" అని అడిగితే, చెప్పేది తమ సొంత మాట ఒక్కటే కాదు కాబట్టి ధైర్యం వస్తుంది.

ఒకరే మాట్లాడుతూ ఉంటే ఎలా ఆపాలి? నొచ్చుకుంటారేమో.

చాలాసార్లు అలా మాట్లాడేవాళ్ళు తమ మాట ఎవరికీ ఎక్కలేదేమోనన్న బెంగతో మళ్ళీ మళ్ళీ చెప్తుంటారు. వాళ్ళు చెప్పింది బోర్డు మీద రాసి, "ఇదేనా మీరన్నది? సరిగా రాశానా?" అని అడగండి. అవునన్నాక, "ఇది ఇక్కడే ఉంటుంది. ఇంకా మాట్లాడనివాళ్ళ నుంచి విందాం" అనండి. నూటికి తొంభైసార్లు అక్కడితో సద్దుమణుగుతుంది. మిగతా పదిసార్లు విరామంలో పక్కకి పిలిచి, సాయం అడిగినట్టు చెప్పండి: "మీకు విషయం బాగా తెలుసు. మిగతావాళ్ళు కూడా మాట్లాడేలా చేయడానికి నాకు సాయం చేస్తారా?" అందరిముందూ మాత్రం ఎవరినీ చిన్నబుచ్చకండి. చూస్తున్నవాళ్ళందరికీ "రేపు నాకూ ఇదే గతి" అనిపిస్తుంది.

ఐడియాలని అస్సలు విమర్శించకూడదా?

రాసే సమయంలో వద్దు. "అదెప్పుడో ప్రయత్నించాం, కాలేదు" అన్న ఒక్క పుల్లవిరుపు మాటకి పక్కనున్న ముగ్గురి పెన్నులు ఆగిపోతాయి.

అయితే చర్చలో భేదాభిప్రాయం రానివ్వాలి. 2004లో చార్లన్ నెమెత్, ఆమె సహచరులు అమెరికాలోనూ ఫ్రాన్స్‌లోనూ ఒక అధ్యయనం చేశారు. "విమర్శించకండి" అని చెప్పిన బృందాలకన్నా, "చర్చించండి, కావాలంటే విభేదించండి" అని చెప్పిన బృందాలకి ఎక్కువ ఐడియాలు వచ్చాయి. అందుకే నేను విమర్శ అన్న మాటనే వాడను. "ఇది పనిచేయాలంటే ఇంకా ఏం కావాలి?" అని అడుగుతాను. లోపాలన్నీ బయటికి వస్తాయి, ఐడియా బతికే ఉంటుంది.

ఏయే సామాను కావాలి?

మందపాటి మార్కర్లు మనిషికొకటి, చీటీలు, ఖాళీ గోడ, అందరికీ కనిపించే టైమర్. బాల్‌పెన్నులు పక్కన పెట్టించండి. వాటితో రాస్తే ఒక చీటీలో పేరా పట్టేస్తుంది, రెండడుగుల దూరం నుంచి కనిపించదు. మార్కర్‌తో అయితే ఆరేడు పదాలకే చీటీ నిండుతుంది, మాట సూటిగా వస్తుంది.

స్టికీ చీటీని కట్టలోంచి కింది అంచు పట్టుకుని పైకి లాగితే వంకర తిరిగి, గోడమీద చుట్టుకుపోయి పదినిమిషాల్లో రాలిపోతుంది. జిగురు ఉన్న అంచు దగ్గర పట్టుకుని పక్కకి లాగండి. తిన్నగా వస్తుంది, తిన్నగా అంటుకుంటుంది. చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, ఒక మనిషి ఐడియా నేల మీద పడి ఉండటం, దాన్ని ఎవరూ తీయకపోవడం ఆ మనిషికి చిన్న విషయం కాదు.

గోడనిండా చీటీలున్నాయి. ఇప్పుడేం చేయాలి?

జపాన్‌కి చెందిన జిరో కవాకిత అనే మానవ శాస్త్రవేత్త, క్షేత్ర పర్యటనల్లో పోగైన నోట్సుని అర్థం చేసుకోవడానికి 1960లలో ఒక పద్ధతి తయారుచేసుకున్నాడు. ఒక్కో సంగతినీ ఒక్కో కార్డు మీద రాసి, దగ్గరగా అనిపించినవాటిని పక్కపక్కన పెట్టి, ఆ తర్వాతే ఆ గుంపుకి పేరు పెట్టడం. ఆయన పేరులోని ఇంగ్లీషు పొడి అక్షరాలతో దాన్ని కేజే పద్ధతి అంటారు.

"ఆ తర్వాతే" అన్నదాన్ని గట్టిగా పట్టుకోండి. ముందే "సిబ్బంది, టెక్నాలజీ, బడ్జెట్" అని శీర్షికలు పెడితే, చీటీలు పాత అరల్లోకే పోతాయి. అందరూ నిలబడి, మాట్లాడకుండా చీటీలు జరపాలి. ఒకరు పెట్టినదాన్ని మరొకరు మార్చొచ్చు. ఒకే చీటీ ఇద్దరి మధ్య అటూ ఇటూ తిరుగుతుంటే దాన్ని ఇంకో చీటీ మీద రాసి రెండుచోట్లా పెట్టండి. ఎక్కడా ఇమడని ఒంటరి చీటీలని బలవంతంగా ఇరికించకండి. నేను వాటిని పారేయకుండా విడిగా పెట్టి, చివర్లో మరోసారి చదివిస్తాను.

ఓటింగ్ ఎలా పెట్టాలి?

తలా మూడు, నాలుగు చుక్కలు ఇచ్చి నచ్చినవాటి పక్కన పెట్టమనడం మామూలు. ఇందులో ఒక తిరకాసు ఉంది. మొదట పెట్టిన చుక్కల్ని చూసి మిగతావాళ్ళు అక్కడే పెడతారు. అందుకే చీటీలకి నంబర్లు వేసి, ఎవరి ఓటు వాళ్ళు ముందు కాగితం మీద రాసుకున్నాక, అందరూ ఒకేసారి వెళ్ళి అంటించాలి. ఒకేలాంటి ఐడియాలు రెండుంటే ఓట్లు చీలిపోయి రెండూ ఓడిపోతాయి. ముందే వాటిని కలిపేయండి.

ఓటంటే నిర్ణయం కాదు. గది ఎటు మొగ్గుతోందో చూపించే గుర్తు మాత్రమే. చివరి నిర్ణయం ఎవరిదో ఓటింగ్‌కి ముందే చెప్పండి. తర్వాత చెప్తే మోసపోయామనుకుంటారు.

అందరూ చప్పున ఒకేమాట మీదికి వచ్చేశారు. మంచిదేగా?

తాన అంటే తందాన అంటున్నారేమో చూసుకోండి. 1961లో క్యూబా మీద బే ఆఫ్ పిగ్స్ దాడి ఘోరంగా విఫలమైంది. దాడికి ఒప్పుకున్న అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ చుట్టూ ఉన్న తలపండినవాళ్ళు తమ సందేహాలు ఎలా మింగేశారో ఇర్వింగ్ జేనిస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1972లో విశ్లేషించాడు. కలిసిమెలిసి ఉండే బృందాలకే ఈ ప్రమాదం ఎక్కువ.

నాకు బాగా పనికొచ్చిన మందు గ్యారీ క్లైన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చెప్పిన పద్ధతి. "ఏడాది గడిచింది. ఈ పథకం పూర్తిగా విఫలమైంది. ఎందుకు విఫలమైందో అయిదు నిమిషాల్లో రాయండి" అని అడగాలి. "ఏమైనా అభ్యంతరాలున్నాయా?" అంటే ఎవరూ చెయ్యెత్తరు. విఫలమైందని ముందే ఒప్పేసుకుంటే, కారణం చెప్పడం తెలివితేటల పని అవుతుంది గానీ అడ్డుపుల్ల వేయడం అనిపించదు. ఒకే ప్రశ్న, అడిగే తీరు మారితే గదంతా మారిపోతుంది.

ఇద్దరి మధ్య వాదన ముదిరితే?

ఇద్దరినీ లేచి బోర్డు దగ్గరికి రమ్మనండి. ఎదురెదురుగా కూర్చున్నవాళ్ళు పక్కపక్కన నిలబడి బోర్డు వైపు చూస్తే సగం వేడి తగ్గుతుంది. ఒకరి వాదన మరొకరు చెప్పాలి, అవతలివాళ్ళు "అవును, నేనన్నది అదే" అనేదాకా. ఆ తర్వాత ఇద్దరినీ ఒకటే అడగండి: "ఏం తెలిస్తే మీరు మనసు మార్చుకుంటారు?" చాలాసార్లు ఇద్దరికీ తెలియని ఒక సమాచారం దగ్గర గొడవ ఆగి ఉందని తేలుతుంది. దాన్ని ఎవరు, ఎప్పటికి కనుక్కుంటారో రాసుకుని ముందుకు పోవచ్చు.

రెండు గంటలు ఉంటే ఎలా పంచుకోవాలి?

నేను వేసుకునే లెక్క ఇది. ప్రశ్న వివరించడానికి 10 నిమిషాలు, ఎవరికి వాళ్ళు రాయడానికి 10, చదివి అంటించడానికి 20, గుంపులు చేసి పేర్లు పెట్టడానికి 25, విరామం 10, ఎంచుకున్న రెండు మూడింటిని లోతుగా చూడటానికి 30, ఎవరు ఏం చేస్తారో తేల్చడానికి 15. ఆలస్యమైతే ఈ చివరి 15 నిమిషాలే మింగేస్తుంటారు. అది తప్ప ఇంకేదైనా కోసుకోండి.

మొదట్లో ఆటలు ఆడించాలా?

తప్పనిసరి కాదు. ముఖపరిచయాలు లేని గుంపు అయితే, ప్రశ్నకి సంబంధించిన చిన్న మాట ఒకటి అందరితో చెప్పించండి. ఫిర్యాదుల మీద సెషన్ అయితే "మీరు చివరిసారి ఎక్కడ ఫిర్యాదు చేశారు?" చాలు. మొదటి పది నిమిషాల్లో ఒక్కసారి నోరు విప్పినవాళ్ళకి రెండోసారి తేలిక.

ఆన్‌లైన్‌లో అయితే?

ఆన్‌లైన్‌లో ఒక మేలు ఉంది: రాయడం అక్కడ సహజం. "అందరూ చాట్‌లో మీ జవాబు టైప్ చేయండి, నేను చెప్పేదాకా ఎంటర్ నొక్కొద్దు" అని చెప్పి, రెండు నిమిషాల తర్వాత "ఇప్పుడు నొక్కండి" అంటే అన్ని జవాబులూ ఒకేసారి జలజలా రాలతాయి. ఒకరిని చూసి ఒకరు మార్చుకోవడం ఉండదు.

90 నిమిషాలకి మించి వద్దు. ఆన్‌లైన్ బోర్డు వాడితే, ముందురోజే అందరితో అందులో ఒక చీటీ పెట్టించండి. లేకపోతే మొదటి 20 నిమిషాలు "నాకు ఓపెన్ కావట్లేదండీ"కే పోతాయి. కొందరు గదిలో, కొందరు ఫోన్‌లో ఉంటే, గదిలో ఉన్నవాళ్ళు కూడా ఎవరి ల్యాప్‌టాప్ ముందు వాళ్ళు కూర్చుని ఆన్‌లైన్ బోర్డు మీదే రాయాలి. ఇలా చేయకపోతే దూరాన ఉన్నవాళ్ళు ప్రేక్షకులైపోతారు.

సెషన్ బాగా జరిగింది, తర్వాత ఏమీ కాలేదు. ఎక్కడ పొరపాటు?

చాలావరకు ఒక్క మాటలో: "టీమ్ చూసుకుంటుంది" అని రాయడంలో. ప్రతి పని పక్కనా ఒక మనిషి పేరు, ఒక తేదీ ఉండాలి. ఆ మనిషి గదిలో ఉండి, తన నోటితో "చేస్తాను" అనాలి. లేనివాళ్ళ నెత్తిన పని పెట్టకూడదు.

గోడ ఫొటోలు తీసి అదే రోజు అందరికీ పంపండి. రెండు వారాల తర్వాత ఇంకో సందేశం పంపండి: ఏది మొదలైంది, ఏది ఆగింది, దేన్ని వదిలేశాం, ఎందుకు. వదిలేసినవాటి గురించి చెప్పడం చాలామంది మర్చిపోతారు. తన ఐడియా తీసుకోకపోయినా, కారణం తెలిసిన మనిషి తర్వాతి సెషన్‌కి మనసుపెట్టి వస్తాడు. ఏ కబురూ అందనివాళ్ళు ఒళ్ళు మాత్రమే తెచ్చుకుంటారు.

మొదటిసారి నడపబోతున్నాను. టెన్షన్‌గా ఉంది.

ఉంటుంది. ఇన్నేళ్ళ తర్వాత నాకూ మొదటి అయిదు నిమిషాలు గుండె దడదడలాడుతుంది. అరగంట ముందే వెళ్ళి, కుర్చీలు మీ చేతులతో సర్దండి. గది మీకు అలవాటవుతుంది. మీరు చెప్పబోయే మొదటి మూడు వాక్యాలు కాగితం మీద పూర్తిగా రాసుకోండి, మిగతాదానికి సమయాలు, ప్రశ్నలు చాలు. ముందువారం ముగ్గురు స్నేహితులతో అరగంట సెషన్ ఒకటి నడిపి చూడండి.

మధ్యలో దారి తప్పితే, ఏం చేయాలో పాలుపోకపోతే, అందరికీ ఆ మాటే చెప్పండి: "మనం ఎక్కడున్నామో నాకు స్పష్టంగా లేదు. రెండు నిమిషాలు ఎవరికి వాళ్ళు, ఇప్పుడు మనం తేల్చాల్సింది ఏంటో ఒక వాక్యం రాయండి." వాళ్ళు రాస్తారు. మీకు ఊపిరి పీల్చుకోవడానికి రెండు నిమిషాలు దొరుకుతాయి, దారి ఆ చీటీల్లోంచి దొరుకుతుంది.